గడపన వేపమండ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము పల్లెలో ఒక యింటి గడపన వేపమండ కనబడినచో దారిని పోవువాడు నిలిచి, చేతులు జోడించి, ఆవలి ప్రక్కగా తొలగి పోయెడివాడు. ఆ యింట తల్లి వెలసినదని దాని యర్థము. అది మశూచి కావచ్చును, తట్టు కావచ్చును, ఆటలమ్మ కావచ్చును. ఒకరు అడుగవలసిన పని లేదు, ఒకరు చెప్పవలసిన పని లేదు. అక్షరము రాని వాడును చదువగల అక్షరము ఆ మండ.

ఆ యింటికి కొన్ని నియమము లుండెడివి. పొరుగువారు లోనికి రారాదు. రోగియైన బిడ్డ వెలికి పోరాదు. పొయ్యిపై పోపు పెట్టరాదు, మాంసము వండరాదు. పడకపై వేపాకు పరచవలెను. ఒడలు దురద పెట్టినచో వేపరెమ్మతో నిమురవలెనే కాని గోరు తగులనీయరాదు. పొక్కులెండి రాలిన పిదప వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళతో తలకు పోసి, పోచమ్మకు పెరుగన్నము పెట్టి, అటుపిమ్మట గాని బిడ్డను వీధిలోనికి విడువరాదు.

ఇందు కొన్ని భక్తికి సంబంధించినవి, కొన్ని ఇంటి యాచారములు. వాని మాట యెట్లున్నను, మూడు నియమములు మాత్రము నేటి వైద్యుడును చెప్పుచున్నవే. బయటివారు లోనికి రాకుండుట, లోని బిడ్డ బయటికి పోకుండుట, పొక్కులెండు వరకు ఓర్చుకొనుట. అమ్మవారి యందలి భయము చేత గానీ, పెద్దల మాట యందలి గౌరవము చేత గానీ, ఊరంతయు ఈ మూడింటిని పాటించెను. ఒక యింటి వ్యాధి నూరిండ్లకు ప్రాకకుండ ఆ మండ కొంత కావలి కాచెను.

ఈ సంగతి మన శాస్త్రములకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున కుష్ఠము, జ్వరము, క్షయ, కండ్లకలక వంటి రోగములు ఒకరి నుండి యొకరికి సంక్రమించునని చెప్పబడినది. తాకుట, ఊపిరి సోకుట, కలిసి భుజించుట, ఒకే పడకపై పరుండుట, ఒకరి బట్టలు మరియొకరు ధరించుట అందులకు కారణములని కూడ అందు వివరింపబడినది. మాధవనిదానము మసూరికను వర్ణించెను. మసూరపప్పును బోలిన పొక్కులు లేచునది గావున దానికా పేరు. మన మశూచి యను మాట దాని నుండి వచ్చినదే.

ఇతర దేశములవారును ఈ మార్గమునే త్రొక్కిరి. ఏడ్రియాటిక్ సముద్రతీరమునందలి రగూసా పట్టణము 1377లోనే తెగులున్న తావుల నుండి వచ్చువారిని ముప్పది దినములు ఊరి వెలుపల నిలిపెను. పిదప ఇటలీ రేవులలో అది నలువది దినములాయెను. వారి భాషలోని నలువది యను మాట నుండియే క్వారంటైన్ అను పదము పుట్టినది. ఆ పదమే మన ప్రజల నోట పడి కోరంటి అయినది. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవరు ఆసుపత్రిని జనులు కోరంటి దవాఖాన యనుట అందుచేతనే.

మశూచి యెట్లు పోయినదో తలచుకొన్న ఈ నియమముల విలువ తెలియును. 1796లో ఇంగ్లండు దేశమున జెన్నరు అను వైద్యుడు ఆవుపొక్కుల రసముతో టీకా వేయు పద్ధతిని కనుగొనెను. టీకాలు వచ్చి నూటయేబది యేండ్లు దాటినను మన దేశమున మశూచి ఆగలేదు. తుదకు 1974, 75 సంవత్సరములలో ఆరోగ్యోద్యోగులు ఇల్లిల్లు తిరిగి రోగిని వెదకిరి. రోగి దొరకిన యింటి వాకిట రాత్రింబవళ్ళు కావలివారిని కూర్చుండబెట్టిరి. చుట్టుపట్ల నున్నవారికెల్ల టీకాలు వేసిరి. 1975 మే నెలతో ఈ దేశమున మశూచి ఆగిపోయెను. 1980 మే 8వ తేదీన ప్రపంచమునుండియే అది తొలగినదని ప్రపంచారోగ్య సభ ప్రకటించెను. టీకా ఒక చేయి, వాకిటి కావలి రెండవ చేయి. రెండు చేతులు కలిసిననాడే ఆ పని నెరవేరినది.

మశూచి పోయినది. దానితోపాటు గడపన వేపమండయు చాల ఇండ్లలో పోయినది. కాని తట్టు పోలేదు, ఆటలమ్మ పోలేదు, గవదబిళ్ళలు, కోరింతదగ్గు పోలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలైనవి గాని, బిడ్డ యొడలు కాలిన రాత్రి తల్లి పడు వేదన మూడింటను ఒక్కటే.

మానుకోట ప్రాంతమున ఏ తండాలోనైనను, ఏ పల్లెలోనైనను జరుగునట్టి సంగతి యొకటి చూడుడు. మాఘమాసము దాటి ఫాల్గుణము వచ్చును. మిరపచేలు ఎర్రబారును. కాయ ఏరుటకు కూలీల కొరకు తెల్లవారకమునుపే ఆటోలు వచ్చి నిలుచును. బడిలో పరీక్షలు దగ్గరపడును. ఆటలమ్మ, తట్టు ఎక్కువగా వచ్చు కాలమును అదియే. ఈ మూడును ఒక్కమారుగా ఒక పేదతల్లి నెత్తిన పడును. రెండవ తరగతి చదువు పిల్లవానికి రాత్రి జ్వరము వచ్చినది. కండ్లు ఎర్రబడినవి. దగ్గు వచ్చుచున్నది. తెల్లవారుజామున కోడలు అత్త నడుగును:

"ఒళ్ళు కాలుతున్నది అత్తమ్మా. ఇయ్యాల బడికి పంపద్దేమో."

"ఇంట్ల ఉంటే ఎవరు చూస్తరు బిడ్డా? నాకు కండ్లు సరిగ కనబడవు. గోళీ వేసి పంపు. బడిల అన్నమన్న తింటడు."

బయట ఆటో కూత వేయును. గోళీ వేసిన పిదప పిల్లవాని యొడలు చల్లబడును. తల్లి మనస్సును కొంత చల్లబడును. పిల్లవాడు సంచి తగిలించుకొని పోవును. ఆ తల్లిది నిర్లక్ష్యమని యనుటకు ఎవరికి నోరు వచ్చును? ఆమె యాలోచన అంతయు బిడ్డ అన్నము గురించియే. కాని గోళీ జ్వరమును దాచును గాని అంటును ఆపదు. మూడవనాడు పిల్లవాని చెవుల వెనుక, ముఖమున ఎర్రని దద్దు లేచును. అది తట్టు. అప్పటికి రెండు దినములు వాడు బడిలో తోటివారితో ఒకే చాపపై కూర్చుండెను.

తట్టు ఎంత వేగముగ ప్రాకునో 1846లో ఫారో ద్వీపములందు జరిగిన సంగతి వలన లోకమునకు తెలిసినది. ఆ ద్వీపములు డెన్మార్కు రాజ్యమునకు చెందినవి. అందు దాదాపు 7,800 మంది జనులు. అరువదియైదేండ్లుగా అచట తట్టు లేదు. ఆ యేడు ఓడ దిగిన యొక్క మనుష్యునితో వచ్చిన తట్టు ఆరు నెలలలో 6,000 మందికి పైగా సోకెను. పానుము అను యువవైద్యుడు ఊరూర తిరిగి, ఎవరు ఎప్పుడు ఎవరిని కలిసిరో, ఎన్నవ దినమున దద్దు లేచినదో వ్రాసికొనెను. రోగిని కలిసిన నాటికి పదునాలుగవ దినప్రాంతమున దద్దు లేచునని అతడు తేల్చెను. మరియొక వింత కూడ కనిపెట్టెను. 1781లో బాల్యమున తట్టు వచ్చిన ముదుసళ్ళలో తాను విచారించిన వారెవ్వరికిని ఈమారు అది రాలేదు. ఒకమారు వచ్చి పోయినవానికి జీవితాంతము రక్ష యుండునని దీని వలన తెలిసినది. వ్యాధి పడకయే ఆ రక్షను పొందు ఉపాయము టీకా.

నేడు తెలిసినది మరికొంత కలదు. తట్టు గలవాడు దగ్గి పోయిన గదిలో ఆ విషము రెండు గంటల వరకు గాలిలో నుండగలదు. రక్ష లేని పదిమంది వానితో సన్నిహితముగ మెలగినచో తొమ్మిదిమందికి సోకగలదు. దద్దు లేచుటకు నాలుగు దినములు ముందు నుండి, లేచిన పిదప నాలుగు దినముల వరకు వాడు ఇతరులకు అంటించును. అనగా పేరు తెలియకముందే అంటు మొదలగును. కావున దద్దు కొరకు వేచియుండుట చాలదు. జ్వరముతో దగ్గు, ఎర్రని కండ్లు కనబడిననాడే గడపన వేపమండ కట్టినట్లు భావింపవలెను.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. బడిలోని పిల్లలలో పలువురికి టీకాలు వేయబడినవి గదా, ఇంత భయమేల యని. 2017 ఆగస్టులో మన రాష్ట్రమున తొమ్మిది నెలల నుండి పదునైదేండ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు వేయు కార్యక్రమము జరిగెను. నాటినుండి ఆ టీకా నిత్యకార్యక్రమమున చేరినది. తొమ్మిది నెలలు నిండిన పిదప ఒక మోతాదు, పదునారు నెలలు నిండి రెండేండ్లు వచ్చులోపల రెండవది. నిజమే. కాని ఆ తొమ్మిది నెలలు నిండని శిశువు మాట యేమి? దానికి టీకా కాలము రాలేదు. తల్లి కడుపున నుండగా పొందిన రక్ష నెల నెలకు తరుగుచుండును. బడికి పోవు అన్న ఇల్లు చేరి, సంచి దించి, ఉయ్యాలపై వంగి చెల్లెలిని ముద్దాడును. ఆ శిశువునకు ఆ గడియలో టీకా లేదు, మాట లేదు, పారిపోవుటకు కాళ్ళు లేవు. పొరుగింటి తల్లి తన బిడ్డను ఇల్లు దాటనీయకుండుటయే దానికి గల దిక్కు.

జనగామ జిల్లాలోని బమ్మెర యింటిపేరుగా గల పోతన తెనిగించిన భాగవతమున పూతన కథ యందరును ఎరిగినదే. పూతన రక్కసి రూపున రేపల్లెకు రాలేదు. చక్కని యువతి వేషమున వచ్చెను. వాకిట ఎవ్వరును ఆపలేదు. తల్లులు చూచుచుండగనే శిశువు నొడిలోనికి తీసికొనెను. సుశ్రుతుడు పసిబిడ్డలను పీడించు తొమ్మిది గ్రహములను చెప్పుచు వానిలో పూతన పేరును చేర్చెను. పురాణమును వైద్యమును ఇచట ఒక చోట కలిసినవి. అంటువ్యాధి శత్రువు వేషమున రాదు. అన్న ముద్దులో వచ్చును, పేరంటాలి పలకరింపులో వచ్చును, పెండ్లిపందిట చేతులు మారిన పసిబిడ్డతో వచ్చును. నందుని యింటి శిశువు తన్ను తాను కాచుకొనెను. మన యిండ్లలోని శిశువులకు ఆ శక్తి లేదు.

కావున బిడ్డను ఇంట నుంచుట బిడ్డకు శిక్ష కాదు, తల్లికి అవమానము కాదు. అది ఊరికి చేయు ఉపకారము. ఎన్ని దినములు ఉంచవలెనో తెలిసిన కష్టము సగము తగ్గును. తట్టు వచ్చినచో దద్దు లేచిన పిదప నాలుగు దినములు గడచు వరకు. ఆటలమ్మ వచ్చినచో పొక్కులన్నియు ఎండి పక్కు కట్టు వరకు, అనగా సామాన్యముగ ఐదారు దినములు. గవదబిళ్ళలైన వాపు మొదలైన పిదప ఐదు దినములు. కోరింతదగ్గైన వైద్యుడిచ్చిన మందు మొదలుపెట్టిన పిదప ఐదు దినములు, మందు లేనిచో మూడు వారములు. వాంతులు, విరేచనములైన అవి ఆగిన పిదప రెండు దినములు. కండ్లకలకైన పుసి కారుట తగ్గు వరకు. వట్టి జ్వరమైన, గోళీ వేయకయే ఒక పగలు ఒక రాత్రి జ్వరము లేకుండ గడచు వరకు.

అతిజాగ్రత్తయు మంచిది కాదు. ముక్కు కారుచున్నంత మాత్రమున, ఆటలు మానని బిడ్డను ఇంట నుంచనక్కరలేదు. మలేరియా, డెంగీ జ్వరములు దోమ వలన వచ్చునవి. పిల్లవాని ప్రక్కన కూర్చున్నంత మాత్రమున అవి అంటవు. ఆ బిడ్డకు కావలసినది దోమతెర, విశ్రాంతి, వైద్యము. 2020 మార్చిలో కరోనా వలన మూతపడిన బడులలో చిన్న తరగతుల గదులు 2021 సెప్టెంబరు 1 వరకు తెరవబడలేదు. ఆ యేడాదిన్నరలో ఎందరో పిల్లలు నేర్చిన అక్షరములు మరచిరి. అందరు పిల్లలను ఇంట కూర్చుండబెట్టుట ఎంత నష్టమో ఊరు కన్నులార చూచినది. రోగియైన ఒక్క బిడ్డ నాలుగు దినములు ఇంట నుండుట, తక్కిన నలువదిమందికి బడి తెరచియుండుటకే.

పాత ఆచారమునందలి దోషమును దాచరాదు. తల్లి వెలసినప్పుడు మందు ఇచ్చిన ఆమెకు కోపము వచ్చునని నమ్మి, బిడ్డ ఎగశ్వాస విడుచుచున్నను ఆసుపత్రికి తీసికొనిపోని యిండ్లు కలవు. పథ్యమని ఆహారము తగ్గించిన యిండ్లు కలవు. ఇది పొరపాటు. తట్టు వచ్చిన బిడ్డకు అన్నపానములు తగ్గింపరాదు. వైద్యులు ఆ బిడ్డకు వరుసగా రెండు దినములు ఏ విటమిను ఇచ్చుదురు. అది కండ్లను, ప్రాణమును కాపాడును. ఆటలమ్మ జ్వరమునకు ఆస్పిరిను గోళీ పిల్లలకు ఎన్నడును ఈయరాదు. బిడ్డ వేగముగ ఊపిరి తీసినను, పాలు నీరు త్రాగలేకున్నను, మగతగ పడియున్నను, మూర్ఛ వచ్చినను క్షణమైనను ఆగరాదు. 2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లులందును ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరవబడినవి. వైద్యము మునుపటి కన్న చేరువైనది. బిడ్డను బ్రదికించుకొన్న తల్లిపై ఏ యమ్మవారు కోపించును? వేపాకును ఉండనిండు, మందును ఉండనిండు.

ఇక మిగిలినది ఆ మిరపచేని తల్లి సంగతి. దినముల లెక్క ఆమెకు చెప్పి చేతులు దులుపుకొనుట ధర్మము కాదు. నాలుగు దినములు బిడ్డ వద్ద కూర్చున్న నాలుగు దినముల కూలి పోవును. అప్పుచేసి తిను ఇంటికి అది చిన్న సొమ్ము కాదు. పూర్వము వేపమండ కట్టిన ఇంటికి ఊరు దూరముగ నుండెనే కాని ఆ యింటిని విడువలేదు. ఇరుగుపొరుగువారు గడప బయట నీళ్ళ బిందె దించి పోయెడివారు, పాలు పెరుగు పెట్టి పోయెడివారు. ఆ సగము ఆచారమును కూడ నిలుపవలెను.

ఆటలమ్మ మునుపే వచ్చి పోయిన ముసలవ్వ ఆ బిడ్డ వద్ద కూర్చుండవచ్చును. రక్ష గలవారికి రక్ష లేనివారి యెడల గల బాధ్యత అది. చేని యజమాని ఆమె స్థానము వేరొకరికి ఈయక, నాలుగు దినముల పిదప మరల పనికి పిలువవచ్చును. ఉపాధ్యాయుడు హాజరు పట్టికను చూపి బెదరింపక, "బాగుపడినంక తోలియ్యి అక్కా, పాఠం నేను చెప్త" అని ఒక్క మాట యనిన ఆ తల్లి గుండె నిమ్మళపడును. అంగన్‌వాడీ ఆయమ్మయు, ఆశా కార్యకర్తయు ఇంటి వద్దకే వచ్చి చూచిపోవచ్చును. టీకాలు వేయు బుధ, శనివారములలో తప్పిన బిడ్డ యెవరో ఊరివారికే ముందుగ తెలియును. ఆ తల్లికి కబురంపుట పొరుగువారి పని. ఆటలమ్మకును గవదబిళ్ళలకును ఈ నిత్యటీకాలలో టీకా లేదు. వానికి ఇంటిపట్టున నుండుటయే ముఖ్యమైన అడ్డుకట్ట.

జాగ్రత్త వేరు, వెలి వేరు. బిడ్డకు వ్యాధి వచ్చినదని ఆ యింటి పేరు వీధిలో వేయుట, బాగుపడి వచ్చిన పిదపను ఆ బిడ్డను బల్ల చివర కూర్చుండబెట్టుట పాపము. అట్లు చేసిన తల్లులు మరుసటిమారు జ్వరమును దాచుదురు. దాచిన జ్వరము కన్న ప్రమాదకరమైనది లేదు. చెప్పిన వానిని గౌరవించు ఊరిలోనే వ్యాధి బయటపడును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఊరివారిని ఒక చోట కూర్చుచున్నది. ఇది చేయదగిన పనులు రెండు కలవు. పత్రికల బల్ల ప్రక్క గోడపై, ఏ వ్యాధికి ఎన్ని దినములో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవచ్చును. చదువ వచ్చినవారు రానివారికి చదివి వినిపించుదురు. రెండవది, ఇంట నిలిచిపోయిన బిడ్డ యింటి గడపకు ఒక కథల పుస్తకము పంపవచ్చును. తిరిగి వచ్చిన పుస్తకమును ఒక దినము ఎండలో నుంచి లోనికి తీసికొనిన చాలును. కిటికీ వద్ద కూర్చుండి, బడికి పోవు తోటివారిని చూచి కన్నీరు పెట్టుకొను బిడ్డకు ఆ పుస్తకమే స్నేహితుడు. బాగుపడిననాడు ఆ బిడ్డ తానే దానిని తిరిగి తెచ్చి బల్లపై పెట్టి, మరియొకటి అడుగును.

గడపన వేపమండ మరల కట్టినను కట్టకున్నను, అది చెప్పిన మాట ఈ ఊరు మరువకుండుగాక. ఏ తొట్టెలలోని శిశువును మన తొందర వలన రోగమున పడకుండుగాక.

స్వస్తి.